వాడరేవు తీరంలో ఒక పాఠం



మన హాస్టల్ విద్యార్థుల్లో చాలామందికి సముద్రం అంటే పరీక్షలయ్యాక ఒక పూట ఆడుకుని వచ్చే చోటు. మేమూ అలాగే అనుకున్నాం. ఇంటర్ పరీక్షలు అయిన మర్నాడు, ఎవరికీ చెప్పకుండా ఎనిమిది మందిమి తెనాలిలో రైలెక్కి చీరాలలో దిగి, ఆటోలో వాడరేవు వెళ్ళాం. అలలు లేకుండా నెమ్మదిగా ఉన్న చోటు చూసుకుని నీళ్ళలోకి దిగాం. ఐదు నిమిషాల్లో మాలో ఒకడు లోపలికి కొట్టుకుపోయాడు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మత్స్యకారుడు ఒకాయన ఖాళీ డబ్బా కట్టిన తాడు విసిరి వాణ్ణి లాగాడు.

"నెమ్మదిగా ఉందని దిగారా? లోపలికి లాగేది అక్కడే అబ్బాయ్" అన్నాడు.

రెండేళ్ళ తర్వాత డిగ్రీలో ఉండగా మా మాస్టారితో కలిసి మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఆ బాబాయినే దారి చూపమని అడిగాం. విహారయాత్రకూ విజ్ఞానయాత్రకూ తేడా ఆ రోజు తెలిసింది. మీకు ఉపయోగపడాలని ఆ వివరాలు రాస్తున్నాం.

ఎప్పుడు వెళ్ళాలి?

ఆటుపోట్లు సాధారణంగా రోజుకు రెండేసి సార్లు వస్తాయి. ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్య, పౌర్ణములకు సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో కలుస్తుంది కనుక పోటు ఎక్కువ. అష్టమి నాటికి తగ్గుతుంది. బాబాయి గడియారం చూడలేదు. తిథి అడిగి పోటు వేళ చెప్పాడు. మేము బట్టీపట్టిన పాఠం అప్పుడు అర్థమైంది. నీరు వెనక్కి తగ్గిన వేళ, ఎండ ముదరక ముందు తీరాన్ని పరిశీలించడం మంచిది.

ఏమి చూడాలి?

1. ఇసుక దిబ్బలు: వీటిపై రావణాసురుడి మీసాలు అనే ముళ్ళగడ్డి, బాలబండి తీగ పాకుతాయి. ఇవి ఇసుకను పట్టి ఉంచుతాయి. దిబ్బ నిలిస్తే తుఫాను కెరటానికి అది అడ్డుగోడ. వీటిని పీకకండి.

2. పీతలు: తడి ఇసుకపై చిన్న గోళీల్లాంటి ఉండలు కనిపిస్తే ఆగండి. ఒక రకం పీతలు ఇసుకలోని తిండిని వడబోసుకుని, మిగతా ఇసుకను అలా ఉండలు చేసి వదులుతాయి.

3. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు: జనవరి నుంచి ఏప్రిల్ వరకు రాత్రిళ్ళు ఒడ్డుకు వచ్చి, ఒక్కొక్కటి సుమారు 100 గుడ్లు పెడుతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడ పిల్లలు ఎక్కువ. పిల్లలు వెలుతురు వైపు నడుస్తాయి కనుక టార్చిలైట్లు వేయరాదు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి రక్షణ ఇస్తోంది. బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో అటవీశాఖ గుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతుంది.

4. మడ అడవులు: ఇవి వాడరేవులో కాదు, రేపల్లె దిగువన నిజాంపట్నం వైపు ఉన్నాయి. బురదలో గాలి ఆడదు కనుక మడచెట్ల వేళ్ళు పైకి పొడుచుకు వచ్చి శ్వాసిస్తాయి. ఉప్పెన వేగాన్ని ఈ చెట్లు తగ్గిస్తాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి అక్కడి పెద్దలను అడిగి రాసుకోండి.

ప్రాణం ముఖ్యం

అలలు విరుగుతున్న చోట్ల మధ్య విరగని పాయ కనిపిస్తే, నురుగు లోపలికి పోతుంటే అది లాగే ప్రవాహం. అక్కడ దిగరాదు. మరెక్కడైనా మోకాలి లోతు దాటరాదు. ప్రవాహంలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదవద్దు. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం ఈది, ఆ తర్వాత ఒడ్డుకు రావాలి. రాకపోతే వెల్లకిలా తేలుతూ చేయి ఎత్తాలి. ఒడ్డున ఉన్నవారు దూకకూడదు. తాడో, ఖాళీ డబ్బానో విసరాలి. పది మందికి ఒక పెద్ద దిక్కు ఉండాలి. గంటగంటకూ తలలు లెక్కపెట్టాలి.

చివరి మాట

బాబాయి బడికి వెళ్ళలేదు. మా ఇళ్ళలోనూ డిగ్రీ చదివింది మేమే మొదలు. చదువు లేనంత మాత్రాన జ్ఞానం లేనట్టు కాదని మేము సముద్రం ఒడ్డున నేర్చుకున్నాం. అటువంటి వారిని వెంట తీసుకెళ్ళండి, గురువుగా గౌరవించండి, ఆ రోజు పని మానుకున్నందుకు కూలి ఇవ్వండి. మన హాస్టల్ తరఫున ఏడాదికి ఒక్క విజ్ఞానయాత్ర అయినా జరిపించాలని పెద్దలను కోరుతున్నాం. పూర్వ విద్యార్థులు తలా కొంత వేస్తే అది భారం కాదు. వెళ్ళిన వాళ్ళందరూ తిరిగి రావాలి, వచ్చిన ప్రతి ఒక్కరి నోటుబుక్కులో ఒక పేజీ నిండాలి.