ముత్తవ్వ పేరు

సరాయ్ అంటే బాటసారుల సత్రం. ఢిల్లీలోని కటవారియా సరాయ్‌లో పెరిగే తెలుగు బాలునికి తన ఇంటిపేరులోనూ ఒక ఊరు ఉండవచ్చునని తెలియదు. తాడేపల్లివారికి తాడేపల్లి, కందుకూరివారికి కందుకూరు. వంశచరిత్ర బోధనను ఇక్కడ ఆరంభించవచ్చు.

హరిద్వార్ పండాలు యాత్రికుల వంశక్రమాన్ని ‘బహీ’లనే పొడవాటి పుస్తకాలలో తరతరాలుగా వ్రాసి ఉంచుతున్నారు. మన పల్లెలలో పిచ్చుకుంట్లవారు రెడ్ల గోత్రాలను, వంశాలను కంఠస్థం చేసి గానం చేసేవారు. వ్రాత వేరు, పాట వేరు; రెండింటిలోనూ ప్రధానంగా సాగేది మాత్రం పురుషుల వరుసే! తాతకు తాత పేరు తెలిసిన ఇండ్లలోనూ ముత్తవ్వ పేరు చెప్పగలవారు అరుదు.

కనుక పిల్లలచేత అమ్మమ్మ పుట్టిన ఊరు, ఆమె తల్లి పేరు ముందుగా వ్రాయించాలి. వేసవి సెలవుల దాకా ఆగక, ఈ వారమే టెలిఫోనులో అడిగించాలి. అది చెప్పగలవారు ఇంటిలో తరచు ఒక్కరే మిగిలి ఉంటారు.