తడి ఇసుక మీద వెతుకు



వేల్స్‌లోని బాంగర్‌లో చదువు కుదురుకుందనీ, ఈ చలికాలం మిమ్మల్ని ఆంగ్ల్‌సీ దీవిలోని న్యూబరో ఇసుక దిబ్బలకు తీసుకెళ్తారనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం అమ్మడూ. అక్కడ పెటల్‌వర్ట్ అనే అరుదైన మొక్క ఉంది. దాన్ని చూడటానికి ముందే అర్థం చేసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

శాస్త్రీయ నామం పెటలోఫిల్లమ్ రాల్ఫ్సీ. ఇంటర్మీడియట్‌లో నువ్వు బొమ్మలు గీసిన రిక్సియా, మార్కాన్షియాల లాగా ఇదీ లివర్‌వర్ట్. ఫ్యునేరియా లాంటి నాచు మొక్కలకు దగ్గరి చుట్టం. కార్న్‌వాల్‌లోని పెంజాన్స్‌లో స్థిరపడిన జాన్ రాల్ఫ్స్ పేరు దీనికి పెట్టారు. వైద్యం చదివి, వృక్షశాస్త్రంలో మునిగిపోయిన మనిషాయన. ఐరోపా అట్లాంటిక్, మధ్యధరా తీరాల్లో అక్కడక్కడ మాత్రమే ఇది దొరుకుతుంది. ఐరోపా 1992 ఆవాసాల ఆదేశం దీన్ని రక్షించవలసిన మొక్కల్లో చేర్చింది. బ్రిటన్ 1981 వన్యప్రాణి చట్టం కింద కూడా రక్షణ ఉంది కాబట్టి, అనుమతి లేకుండా ఒక్క మొక్కను కూడా పీకకూడదు.

అయితే చట్టం మనిషి చేతిని ఆపగలదు, గడ్డిని ఆపలేదు. ఈ మొక్కకు అసలు శత్రువు గడ్డే.

దిబ్బల మధ్య గాలి ఇసుకను తవ్వుకుంటూ పోతుంది. భూగర్భ జలం దగ్గరికి రాగానే ఇసుక తడిసి బరువెక్కుతుంది, గాలికి లేవదు. అక్కడ ఒక చెమ్మ పల్లం ఏర్పడుతుంది. ఇసుకలో గవ్వల పొడి ఉంటే సున్నం దండిగా ఉంటుంది. నేల బోడిగా, తడిగా, సున్నంతో ఉన్న ఈ తొలి ఏళ్లే పెటల్‌వర్ట్ కాలం. తర్వాత పాకుడు విల్లో వస్తుంది, గడ్డి కమ్ముకుంటుంది, వెలుతురు అందక ఈ చిన్నది పోతుంది. అది ప్రమాదం కాదు, ప్రకృతి వరస. ఒక పల్లం పూడుకుపోయేలోగా గాలి ఇంకోచోట కొత్తది తవ్వుతుంటే మొక్క అక్కడికి మారుతుంది. గాలికి ఇసుక దొరక్కపోతేనే దాని కథ ముగిసేది.

గత శతాబ్దంలో జరిగింది అదే. న్యూబరోలో రెండో ప్రపంచయుద్ధం తర్వాత దిబ్బల మీద పైన్ చెట్లు నాటి ఇసుకను కట్టేశారు. 1953లో బ్రిటన్‌కు చేరిన మిక్సోమటోసిస్ జబ్బుతో కుందేళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. గడ్డిని కొరికి పొట్టిగా ఉంచే నోళ్లు కరువయ్యాయి. వాహనాల పొగలోని, పొలాల ఎరువులలోని నత్రజని గాలిలో కలిసి, వానతో దిగి, ఆ గడ్డికే బలమిచ్చింది.

మన తీరం పిల్లవు కాబట్టి ఇది నీకు మింగుడుపడకపోవచ్చు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఇసుకను, గాలిని ఆపడానికి సరుగుడు తోటలు పెంచిన జిల్లాలు మనవి. ఇసుక కదలకుండా ఉండటమే క్షేమమని మనకు ఒంటబట్టింది. ఇళ్ల పక్కన అది న్యాయమే. కానీ అదే నియమంతో పెటల్‌వర్ట్‌ను కాపాడబోతే, కంచె వేసి, ఎవరినీ నడవనివ్వకుండా, గడ్డి పెరగనిచ్చి చంపేస్తాం. ఈ మధ్య వేల్స్‌లో 'సాండ్స్ ఆఫ్ లైఫ్' పేరుతో జరిగిన పనిలో యంత్రాలతో సముద్రం వైపు దిబ్బలకు గండ్లు కొట్టి గాలికి దారి ఇచ్చారు. చూడ్డానికి విధ్వంసంలా ఉంటుంది. నా ఉద్దేశంలో ఈ మొక్క కోసం చేసినవాటిలో ఇంతకన్నా తెలివైన పని లేదు.

ఇక వెతకడం. వేసవి ఎండకు ఇది పైన ఎండిపోయి, ఇసుకలో పూడుకున్న భాగంతో ప్రాణం నిలుపుకుంటుంది. శరదృతువు నుంచి వసంతం దాకా పైకి కనిపిస్తుంది. వాన పడ్డ మర్నాడు వెళ్లు. దట్టమైన గడ్డిలో వెతకొద్దు, పల్లం అంచుల్లో, కాలిబాటల పక్కన చూడు. జనం తేలిగ్గా తొక్కిన నేల దీనికి ఇష్టం. మోకాళ్ల మీద కూర్చో, పది రెట్ల లెన్స్ పట్టుకో. సెంటీమీటరు వెడల్పులో లేతాకుపచ్చగా, అప్పుడే విచ్చుకుంటున్న బుల్లి క్యాబేజీలా ఉంటుంది. ఫాసోంబ్రోనియా అని పొరబడే వీలుంది. దానికి ఆకులు కాండానికి అటూ ఇటూ ఉంటాయి; దీనికి పలకలాంటి దేహం పైభాగాన సన్నని రేకులు నిలువుగా లేస్తాయి. ఆడ, మగ మొక్కలు వేర్వేరు. సిద్ధబీజాల గుళికలు ఆడ మొక్కల మీదే వస్తాయి కాబట్టి, అవి లేని మొక్క కనిపిస్తే జబ్బుపడిందని రాసేయకు.

మొక్కల సంఖ్య ఒక్కటే రాసుకుని తిరిగి రావద్దు. చుట్టూ బోడి ఇసుక ఎంత శాతం, పక్క గడ్డి ఎన్ని సెంటీమీటర్లు, నేల ఎంత తడి, బాట ఎంత దూరం, అన్నీ రాయి. ఏమీ దొరకని పల్లానికి కూడా ఇవే కొలతలు తీసుకో. 1896లో నాచుల మార్పిడి సంఘంగా మొదలైన బ్రిటిష్ బ్రయలాజికల్ సొసైటీకి ప్రాంతాలవారీగా నమోదుదారులు ఉన్నారు. మీ మేష్టారిని అడిగి ఆ కాగితం వాళ్లకు చేర్చు. నాకూ ఒక ప్రతి పంపు. కొత్త గండ్ల వెనక పల్లాలు ఏర్పడ్డాయా, వాటిలో ఇది అడుగుపెట్టిందా అన్నది ముందు రాయి.

ఉంటాను,
మీ తాతయ్య