శ్రేణి డయోడ్లలో వోల్టేజి పంపకము

మన తునికి ఈశాన్యమున, విశాఖపట్నము చెంత గాజువాకలో, తూర్పు దక్షిణ విద్యుత్ మండలములను కలుపు కేంద్రము కలదు. 1999లో 500 మెగావాట్లతో ఆరంభమై, 2005లో మరి 500 మెగావాట్లు చేరిన ఈ కేంద్రము ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చి, మరల ఏకాంతర విద్యుత్తుగా అందించును. అంతటి వోల్టేజిని ఒక్క పరికరము భరింపజాలదు. కనుక అనేక థైరిస్టర్లను శ్రేణిలో కూర్చెదరు. మన ప్రయోగశాలలోని డయోడ్ల వరుసకును సమస్య అదియే: భారమును అన్నియు సమముగా మోయునట్లు చేయుట యెట్లు?

1500 వోల్టుల సెకండరీ గల ట్రాన్స్‌ఫార్మరును తీసికొందము. శిఖర వోల్టేజి 1500 × 1.414, అనగా 2121 వోల్టులు. కండెన్సరు గల అర్ధతరంగ ఏకధిక్కరణ వలయములో, డయోడ్లు ప్రవహింపనీయని అర్ధచక్రమున, కండెన్సరు వోల్టేజియు ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజియు కలిసి వానిపై 4242 వోల్టులు పడును. 1000 వోల్టులు తాళు 1ఎన్4007 డయోడ్లను ఆరింటిని కూర్చినచో ఒక్కొక్కదాని వంతు 707 వోల్టులు. లెక్క సరిపోయినది.

కాని డయోడ్లు కవలలు కావు. తిరో బయాస్‌లో అన్నింటి గుండా ఒకే స్వల్ప విద్యుత్తు కారును. తక్కువగా కారు స్వభావము గల డయోడ్ అధిక నిరోధము వలె ప్రవర్తించి, అధిక వోల్టేజిని తనపై వేసికొనును. విచిత్రమేమన, మేలైనదే ముందు బలియగును! అది సాధారణముగా షార్టు అగును. దాని వంతు మిగిలిన ఐదింటిపై పడి, వరుస అంతయు కూలవచ్చును.

నివారణ రెండు విధములు. మొదటిది, ప్రతి డయోడ్‌కు సమాంతరముగా సమాన నిరోధము. వేడెక్కిన 1ఎన్4007లో కారు విద్యుత్తు 50 మైక్రో ఆంపియర్లకు మించదందురు. 1 మెగాఓమ్ నిరోధములో 707 వోల్టుల వద్ద 707 మైక్రో ఆంపియర్లు ప్రవహించును. ఇంతటి ప్రవాహము ముందు డయోడ్ల తారతమ్యము లెక్కకు రాదు. చిన్న నిరోధము 707 వోల్టులను తాళదు గనుక 330 కిలో ఓమ్‌లవి మూడు శ్రేణిలో వాడవలెను.

రెండవది, 0.01 మైక్రోఫారడ్ కండెన్సరు. ప్రవాహము ఆగునపుడు అన్ని డయోడ్లును ఒకే క్షణమున మూసికొనవు. ముందు మూసికొన్నదానిపై వోల్టేజి ఒక్కుమ్మడి పడకుండ ఈ సమాంతర కండెన్సరు కాపాడును. అదియు 1000 వోల్టులకు తగ్గరాదు.

ఒక హెచ్చరిక. స్విచ్చి ఆర్పినను ఫిల్టరు కండెన్సరులో ప్రాణాంతకమగు ఆవేశము నిలిచియుండును. దానిని నిరోధము ద్వారా ఖాళీ చేసి, మీటరుతో సున్న అని నిర్ధారించుకొనిన పిమ్మటనే చేయి వేయవలెను.

అభ్యాసము: సెకండరీ 2000 వోల్టులైనచో ఆరు డయోడ్లు చాలునా? ఒక్కొక్కదాని వంతు 943 వోల్టులు, మిగులు స్వల్పము. ఎనిమిది వాడుట క్షేమము.