మిగిలిన కూర మీ ఒక్కరికేనా?

సమస్య



నాకు 34 ఏళ్ళు. అమీర్‌పేటలో ఒక ప్రైవేటు ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను. ఉండేది మియాపూర్. మావారిది హైటెక్ సిటీలో ఉద్యోగం. పాప రెండో తరగతి. మామగారు పోయాక అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు.

నా సమస్య వింటే మీకు నవ్వు రావచ్చు. వంట. పొద్దున్న ఐదింటికి లేస్తాను. పాపకి టిఫిను, బాక్సు, మావారికి బాక్సు, అత్తయ్యగారికి మధ్యాహ్నానికి అన్నం, పప్పు, ఒక కూర. ఇవన్నీ ముగించి తొమ్మిదింటికల్లా మెట్రో ఎక్కాలి. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఏడున్నర. బ్యాగు అక్కడ పడేసి మళ్ళీ స్టవ్వు వెలిగించాలి. పొద్దుటి కూర మావారు రాత్రికి తినరు. ఫ్రిజ్‌లోంచి తీసిందైతే అసలే ముట్టుకోరు. పాచి కూర నాకొద్దంటారు. అత్తయ్యగారూ అంతే. వాళ్ళ రోజుల్లో ఏ పూటకాపూట వేడివేడిగా వండేవారట. వాళ్ళ నాన్నని చూసి పాప కూడా ఫ్రిజ్ డబ్బా కనబడితే ముక్కు మూసుకుంటోంది.

ఓపిక లేని రోజు కర్రీ పాయింటు నుంచి కూర, సాంబారు తెప్పిస్తాం. శని, ఆదివారాలు ఫోన్లో ఆర్డరు. పోయిన నెల లెక్క చూస్తే బయటి తిండికే 9,000 దాటింది. ఇంటి లోను ఉంది, పాప ఫీజు ఉంది. ఆ లెక్క చూసి మావారే "కాస్త ముందుగా ప్లాన్ చేసుకోవచ్చుగా" అన్నారు. నిజమే, నాకే చేతకావడం లేదేమో.

వృథా మాత్రం చెయ్యనమ్మా. ఏ పూటదైనా మిగిలితే మర్నాడు నా బాక్సులో సర్దుకుని ఆఫీసుకి పట్టుకెళ్ళిపోతాను.

యూట్యూబులో వారానికి సరిపడా వంట ఆదివారమే చేసేసి డబ్బాల్లో సర్దేవాళ్ళని చూస్తుంటాను. వాళ్ళు చేసేవన్నీ పాస్తాలు, సలాడ్లు. మన ఇళ్ళలో అది కుదిరే పనేనా? తక్కువ ఖర్చులో, తొందరగా అయ్యేవి, మావారు వంక పెట్టకుండా తినేవి నాలుగు చెప్పండి.

ఒక సోదరి, మియాపూర్

సలహా

వంట గురించి ఉత్తరం వస్తే మామూలుగా ఒక పొడి, ఒక పచ్చడి చెప్పి ఊరుకుంటాను. మీకు అలా రాయబుద్ధి కాలేదు. మిగిలింది నా బాక్సులో సర్దుకుంటాను అని ఒక్క ముక్కలో రాసి దాటేశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. దాన్ని మీరు సమస్యగా రాయలేదు. మీ పొదుపుకి సాక్ష్యంగా రాశారు.

తల్లీ, మీ ఇంట్లో నిన్నటి కూర ముగ్గురికి పాచి, మీకొక్కరికి మాత్రం భోజనం. అది నిజంగా చెడిపోయిందైతే మిమ్మల్ని ఎలా తిననిస్తున్నారు? చెడిపోనిదైతే వాళ్ళెందుకు తినరు? ఈ రెంటిలో ఏదో ఒకదానికి మీవారు జవాబు చెప్పాలి. చెప్పలేరు. ఎందుకంటే ఆయనకి ఈ ప్రశ్న ఎప్పుడూ ఎదురు కాలేదు. మీరు అడగలేదు. మీ బాక్సులో ఏముందో ఆ ఇంట్లో ఎవరైనా ఒక్కసారి మూత తీసి చూసి ఉంటారా అని నా అనుమానం.

ఇంకో సంగతి. కర్రీ పాయింటు కూర ఆయన తింటున్నారు కదా? రాత్రి ఎనిమిదింటికి ప్లాస్టిక్ కవర్లో ముడి వేసి ఇచ్చే ఆ వంకాయ కూర ఏ వేళకి వండిందో, ఏ నూనెలో వండిందో ఆయనకి తెలుసా? హోటల్ వాళ్ళు గ్రేవీ ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోకుండా ఆర్డరు ఇచ్చిన పావుగంటలో పనీర్ కూర ఎలా పంపుతారనుకుంటున్నారు? డబ్బిచ్చి కొన్న నిలవ ఆయనకి నిలవలా అనిపించదు. పెళ్ళాం చేతిది మాత్రం పాచి.

వంటమనిషిని పెట్టుకోండి అనొచ్చు. లోను కడుతున్న ఇంట్లో ఆ జీతం ఇంకో వాయిదా. ఇంకో గంట ముందు లేవండి అనే పాపం నేను కట్టుకోను. ఎలక్ట్రిక్ కుక్కరు కొనుక్కోండి, మంచిదే, కాస్త తేలిక. కానీ మీ ఇంట్లో పద్ధతి మారకుండా సామాను మారితే ఏం లాభం? ఆ తేలికైన అరగంటలో మీ చేత ఇంకో వేపుడు చేయిస్తారు.

అత్తయ్యగారి మాట దగ్గరికి వస్తాను. ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి. చెప్పి, పక్కన కూర్చుని అడగండి, తెనాలిలో చిన్నప్పుడు పొద్దున్నే ఏం తిని బడికి వెళ్ళేవారని. చద్దన్నం అని ఆవిడే చెబుతారు. రాత్రి అన్నంలో మజ్జిగ కలిపి ఉంచితే తెల్లారేసరికి కాస్త పులిసేది. మాగాయ టెంకో, ఉల్లిపాయో నంజుకుని తినేవాళ్ళు. రాచ్చిప్పలో కాచిన పులుసు పెట్టిన రోజు కంటే మర్నాడే బాగుంటుందని తెలియని ముసలమ్మ కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఉంటుందా? ఎండాకాలంలో ఆవకాయ, మాగాయ, వడియాలు, ఊరమిరపకాయలు, చలికాలంలో చింతకాయ తొక్కు, ఎప్పుడూ ఉండే కందిపొడి. ఏడాదికి సరిపడా ముందే చేసి జాడీలకెత్తుకున్న జాతి మనది. వారానికి చేసుకోవడం కుదురుతుందా అని యూట్యూబు చూసి నన్నడుగుతున్నారు!

ఏ పూటకాపూట వండిన మాటా అబద్ధం కాదు. ఫ్రిజ్ లేదు, వండక తప్పదు. అయితే ఆ వేడి అన్నం ముందు ఎవరి కంచంలో పడేది? మగవాళ్ళు, పిల్లలు, వచ్చిన చుట్టాలు అందరూ లేచాక, అడుగంటిన అన్నం, గిన్నెకంటుకున్న కూరతో వంటింట్లో పీట వాల్చుకున్నది ఆవిడే. తన తల్లీ అలాగే తిన్నది. అందుకే మీ బాక్సు ఆవిడ కళ్ళకి వింతగా కనబడదు. ఆవిణ్ని తిట్టాలని కాదు ఈ మాట అంటున్నది. ఆవిడకి పెట్టనిది ఆవిడ మీకెలా పెడుతుంది? రేపు మీ పాప ఇదే నేర్చుకుంటుంది. ముక్కు మూసుకోవడం ఇప్పుడే వచ్చింది, పెళ్ళయ్యాక మిగిలింది తినడం దానంతటదే వస్తుంది.

మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఉద్యోగానికి వెళ్ళడం మొదలుపెట్టి తరాలు గడిచాయి. జీతం ఇంట్లోకి వచ్చింది, వంటింటి రాజ్యాంగం మాత్రం ఒక్క సవరణా చూడలేదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జనం రోజంతా ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో లెక్క తీసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు సగటున రోజుకి 299 నిమిషాలు చేస్తుంటే, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ తీస్తే 289, 88. మనకి పది నిమిషాలు తగ్గాయని సంతోషించేలోపు వాళ్ళు తొమ్మిది తగ్గించుకున్నారు. మీవారు చెడ్డవారని నేననను. లెక్క చూసి ఖర్చు తగ్గించాలన్న బుద్ధి ఉన్న మనిషే. ఆ లెక్కలో మీ ఐదింటి మెలకువ వేసుకోలేదు, అంతే. ప్లాన్ అన్నది ఆయనే కాబట్టి ప్లాను ఆయన చేతే మొదలుపెట్టించండి.

ఇప్పుడు మీరడిగింది. ఆదివారం పొద్దున్న ఆయన సంచీ తీసుకుని కూకట్‌పల్లి రైతుబజారుకి వెళ్ళాలి. మీరు కాదు, ఆయన. వచ్చాక కూరగాయలు తరగడం కూడా ఆయన పనే. బీన్సు, క్యారెట్, క్యాబేజీ తరిగి మూత డబ్బాల్లో పెడితే మూడు రోజులు నిక్షేపంగా ఉంటాయి. బెండకాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, ఆరాక తరగాలి. లేకపోతే జిగురు. వంకాయ, అరటికాయ ముందే తరగొద్దు, నల్లబడతాయి. ఆకుకూర కడగకుండా బాగుచేసి కాగితంలో చుట్టి పెట్టండి. గోంగూర ఆకు గిల్లడం, చిక్కుడుకాయల ఈనెలు తియ్యడం, వెల్లుల్లి ఒలవడం అత్తయ్యగారు కూర్చుని టీవీ చూస్తూ చేస్తారు. అడిగి చూడండి. ఊరు వదిలి వచ్చి అపార్టుమెంటులో ఊరికే కూర్చోవడం ఆవిడకీ హాయి కాదు.

పప్పు రోజూ ఉడికించకండి. ఒకేసారి కుక్కర్లో కందిపప్పు పసుపు మాత్రం వేసి ఉడికించండి. ఉప్పు, చింతపండు అప్పుడే వద్దు, పులుపు తగిలితే పప్పు మెత్తబడటానికి మొండికేస్తుంది. మెదపకుండా వెడల్పాటి పళ్ళెంలో చల్లార్చి, మూడు డబ్బాలకెత్తి ఫ్రిజ్‌లో పెట్టండి. సోమవారం ఒక డబ్బాలో టమాటా, మంగళవారం పాలకూర, బుధవారం దోసకాయ. ముక్కలు విడిగా మగ్గించి, పప్పు కలిపి బాగా మరగనిచ్చి, నెయ్యిలో ఎండుమిరపకాయ, జీలకర్ర, వెల్లుల్లి, ఇంగువ, చివర కరివేపాకు వేసి పోపు చుయ్యిమనిపిస్తే అది ఆ పూట వంటే. అందులో నిలవ ఎక్కడుందో మీవారిని వెతికి పట్టుకోమనండి.

పావుకిలో చింతపండు ఉడికించి, గుజ్జు పిసికి, ఉప్పు, పసుపు వేసి దగ్గరగా ఉడకనిచ్చి సీసాకెత్తుకుంటే చారు, పులుసు, పులిహోర మూడూ నిమిషాల మీద అవుతాయి. ఉల్లిపాయ, టమాటా, అల్లంవెల్లుల్లి నూనె తేలేదాకా వేయించి రెండు డబ్బాలు చెయ్యండి. ఒకరోజు అందులో ఉడికిన గుడ్లు, ఇంకోరోజు నానబెట్టి ఉడికించిన శనగలు. హోటల్ కూరకి పెట్టే డబ్బుతో ఇంటిల్లిపాదికీ రెండు పూటలు వస్తుంది. మినప్పప్పు ఒక గ్లాసుకి ఇడ్లీ రవ్వ రెండు గ్లాసుల లెక్కన రుబ్బి కలుపుకుంటే మొదటి రెండు రోజులు ఇడ్లీ, తర్వాత కాస్త పులిశాక ఊతప్పం, గుంతపొంగణాలు. పెసరట్టుకి పులియబెట్టే పనే లేదు, రాత్రి నానబెట్టిన పెసలు పొద్దున్నే రుబ్బి పోసుకోవడమే. కందిపొడి, కరివేపాకు పొడి సీసాలో ఉంటే ఓపిక లేని రాత్రి వేడి అన్నం, నెయ్యి, పెరుగుతో గడిచిపోతుంది. ఆ రాత్రి కూర లేదని ఎవరూ చచ్చిపోరు.

నిలవ విషయంలో మీవారి భయం పూర్తిగా కొట్టిపారెయ్యను. వండింది రెండు గంటలకి మించి బయట ఉంచకండి, మన ఎండల్లో ఇంకా ముందే ఫ్రిజ్‌లో పెట్టాలి. లోతు గిన్నెలో పెడితే మధ్యలో వేడి తగ్గదు, చిన్న డబ్బాల్లోకి మార్చండి. మూడు రోజుల్లో తినెయ్యాలి. తీసింది ఆవిరి వచ్చేదాకా వేడి చెయ్యాలి, అదీ ఆ పూటకి కావలసినంతే. అన్నం మాత్రం ఏ పూటకాపూటే వండండి. బయట వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి విషం తయారు చెయ్యొచ్చు, మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. కుక్కర్లో అన్నానికి ఎంతసేపు పడుతుంది కనక? బియ్యం కడిగి పెట్టడం, ఎవరు ముందు ఇల్లు చేరితే వాళ్ళు. హైటెక్ సిటీ నుంచి వచ్చే మనిషి కూడా విజిల్స్ లెక్కపెట్టగలడు.

ఇవన్నీ చేసినా మొదట ఎత్తిన మీ బాక్సు సంగతి తేల్చకపోతే నా సలహా వృథా. రేపటి నుంచి కూర మిగిలితే మీ ముగ్గురి బాక్సుల్లోనూ, అత్తయ్యగారి కంచంలోనూ సమానంగా సర్దండి. తాజాది ఉంటే అదీ అంతే. పేచీ వస్తుంది. రెండు రోజులు మూతి ముడుచుకుంటారు. ముడుచుకోనివ్వండి, ఆకలి వేసిన మనిషి ఎంతసేపని ముడుచుకుంటాడు? మీరు మాత్రం బతిమాలి స్టవ్వు వెలిగించకండి. చేతకావడం లేదేమో అని ఇంకెప్పుడూ, ఎవరికీ రాయకండి. ఐదింటికి లేచి నలుగురికి వండి, ఆఫీసు చేసి, వచ్చి మళ్ళీ వండే మనిషికి చేతకానిది ఏముంది?

బాబూ, ఈ పేజీ నీ చేతికి వస్తే నీకూ ఒక మాట. వచ్చే ఆదివారం మధ్యాహ్నం దాకా ఆవిణ్ని పడుకోనివ్వు. పప్పు నువ్వు ఉడికించు.

ఒక నెల చేసి చూసి, బయటి తిండి ఖర్చు 9,000 నుంచి ఎంతకి దిగిందో నాకు రాయండి తల్లీ. ఆయన ఏ కూర మాడ్చారో అది కూడా రాయండి.