హైవే మీద వేడెక్కే జీపు గురించి మేనల్లుడికి

నిడదవోలు

చిరంజీవి మేనల్లుడికి,

మీ అమ్మ నిన్న ఫోన్‌లో జీపు సంగతి చెప్పింది. విజయవాడలో బయల్దేరి హనుమాన్ జంక్షన్ దాకా బాగానే వస్తోందట. ఏలూరు బైపాస్ దాటేసరికి వేడి చూపే ముల్లు పైకి పాకుతోందట. ఊళ్ళోకొచ్చి కాలవగట్టు మీద మెల్లగా తిప్పితే మళ్ళీ మామూలే అయిపోతోందట. షెడ్డులో ఫ్యాన్ మార్చారు, థర్మోస్టాట్ పీకేశారు, ఇప్పుడు ఇంజిన్ హెడ్డు దింపుదామంటున్నారు అంది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. ఈ కాగితం జేబులో పెట్టుకుని షెడ్డుకి వెళ్ళు.

హెడ్డు ఇప్పుడే దింపనివ్వకు. బండి ఎప్పుడు వేడెక్కుతోందో చూసుకోకుండా సామాను మార్చుకుంటూ పోతే డబ్బులూ పోతాయి, అసలు జబ్బూ అలాగే ఉంటుంది. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు వేడెక్కి, రోడ్డెక్కాక చల్లబడితే ఫ్యాన్‌ని అనుమానించాలి. నీది దానికి సరిగ్గా తిరగేసి ఉంది. స్పీడులో వేడెక్కుతోంది, నెమ్మదిస్తే దిగుతోంది. ఎనభైలో పోయే బండికి ఎదురుగాలే కావలసినంత ఉంటుంది, అక్కడ ఫ్యాన్ చేసేది చాలా తక్కువ. కాబట్టి ఫ్యాన్‌కి పెట్టిన డబ్బు దండగే. ఆ గాలి రేడియేటర్ లోంచి దూరడం లేదు, లేదా లోపల నీళ్ళు కావలసినంత తిరగడం లేదు, లేదా ఇంజిన్ చేత అవసరానికి మించి చాకిరీ చేయిస్తున్నాం. ఈ మూడింటిలో ఏదో తేల్చుకోవాలి.

మన వైపు మేస్త్రీలని తప్పుపట్టలేం. వాళ్ళ చేతికి పని నేర్పింది పాత జీపులు. ఎంఎం 540 ఉండేది చూడు, 2112 సీసీ ప్యూజో డీజిల్, 62 గుర్రాల శక్తి. ఏసీ లేదు. కొవ్వూరు, తణుకు, తాడేపల్లిగూడెం మధ్య దాని పరుగు యాభై, అరవై. ఆ బండి వేడెక్కిందంటే నీళ్ళు తగ్గడమో, బెల్టు జారడమో. నీ బండి కామన్ రైల్ డీజిల్. నాలుగు వరసల రోడ్డు మీద, మే నెల ఎండలో, ఏసీ వేసుకుని వందలో పరిగెడుతోంది. డబ్బాలాంటి ఒళ్ళున్న బండిని గాలి ఎంత గట్టిగా ఆపుతుందో లెక్క చూడు. స్పీడు రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది, దాన్ని చీల్చుకుపోయే శక్తి ఎనిమిదింతలు కావాలి. ఎనభై నుంచి వందకి వెళ్ళినా ఆ శక్తి దాదాపు రెట్టింపు. ఇంజిన్ కాల్చే డీజిల్ వేడిలో ఇంచుమించు మూడో వంతు నీళ్ళ మీదే పడుతుంది. నలభైలో సగం మూసుకుపోయిన రేడియేటర్ కూడా నెట్టుకొచ్చేస్తుంది. వందలో దాని బండారం బయటపడుతుంది.

ఇక నీ బండి తిరిగే చోట్లు గుర్తు తెచ్చుకో. దాళ్వా కోతలప్పుడు చేలోకి దింపావు. కాలవలు కట్టేశాక అడుగు బురదలో స్నేహితులతో తిప్పావు. మారేడుమిల్లి వెళ్ళొచ్చావు. వచ్చిన ప్రతిసారీ బండి కడిగించావు, కాదనను. కానీ ముందు గ్రిల్ లోంచి కనిపించేది రేడియేటర్ కాదు, ఏసీ కండెన్సర్. రేడియేటర్ దాని వెనకాల ఉంటుంది. రెంటి మధ్యా వేలెడు సందు. గోదావరి ఒండ్రు మెత్తన, ఆ సందులోకి చిమ్మి ఆరిపోతే గోడకి మెత్తినట్టే. దాని మీద గడ్డి నలుసులూ, ఊకపొట్టూ, కోత మిషన్ దుమ్మూ అతుక్కుంటాయి. బయటి నుంచి కడిగితే కండెన్సర్ తళతళలాడుతుంది, వెనకాల మాత్రం అట్ట కట్టి ఉంటుంది. టార్చిలైటు తీసుకుని పైనుంచి ఆ సందులోకి వేసి చూడు. ఇంజిన్ వైపు ఓ బల్బు పెట్టి ముందు నుంచి చూస్తే రేకుల మధ్య వెలుగు ఎంతమేర కనిపిస్తుందో, గాలి కూడా అంతమేరే పోతుంది. నా అనుమానం నూటికి డెబ్బై పాళ్ళు దీని మీదే.

కడిగించేటప్పుడు పైన బిగింపులు విప్పి కండెన్సర్‌ని కొంచెం ముందుకి జరపమను. ఏసీ పైపులు విప్పక్కర్లేదు, విరగకుండా చూసుకుంటే చాలు. ఒండ్రు నానేదాకా తడుపుతూ ఉండి, ఆ తర్వాత ఇంజిన్ వైపు నుంచి బయటికి మామూలు గొట్టంతో కడగాలి. సర్వీసింగ్ వాడి ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రేకులన్నీ వంగిపోయి దారి ఇంకా మూసుకుపోతుంది.

రెండో అనుమానం కింది హోస్ పైపు. దీన్ని ఎవరూ చూడరు. రేడియేటర్ అడుగు నుంచి వాటర్ బాడీ, అంటే నీళ్ళ పంపు, నీళ్ళు లాగేది ఈ పైపులోంచే. పైపు పాతబడి మెత్తబడితే, కొన్నిటికి లోపల ఉండే స్ప్రింగు తుప్పు పట్టి పోతే, ఇంజిన్ మెల్లగా తిరిగినంతసేపూ గుండ్రంగా బాగానే కనిపిస్తుంది. మూడు వేల ఆర్పీఎంలో వాటర్ బాడీ గట్టిగా లాగేసరికి చప్పబడి దారి మూసుకుంటుంది. షెడ్డులో నిలబెట్టి చూసేవాళ్ళకి అందుకే దొరకదు. బండి బాగా వేడెక్కాక, న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేక్ వేసి, ఒకరిని యాక్సిలరేటర్ తొక్కి పట్టమను. నువ్వు పక్క నుంచి చూడు, ఫ్యాన్‌కి చెయ్యీ చొక్కా అందకుండా జాగ్రత్త. పైపు నొక్కుకుపోతే దొంగ దొరికినట్టే.

ఆ థర్మోస్టాట్ మాత్రం వెంటనే తిరిగి పెట్టించు. మన ఎండలకి అది అక్కర్లేదనేది వట్టి అపోహ. చాలా ఇంజిన్లలో అది రేడియేటర్ దారి తెరుస్తూనే అడ్డదారిని మూస్తుంది. పీకేస్తే వేడి నీళ్ళలో కొంత రేడియేటర్‌కి పోకుండా ఇంజిన్ చుట్టూనే తిరుగుతాయి, అంటే వేడి ఇంకా పెరుగుతుంది. అనుమానముంటే గిన్నెలో నీళ్ళు కాచి అందులో వెయ్యి. దాని మీద అచ్చువేసిన డిగ్రీలకి తెరుచుకుంటే మంచిదే.

ఏం నీళ్ళు పోస్తున్నావో కూడా చెప్పు. బోరు నీళ్ళు పోస్తే లోపలి గొట్టాల్లో ఉప్పు పొర కడుతుంది. వరదల్లో ఎర్రటి కాలవ నీళ్ళు పోస్తే అడుగున బురద చేరుతుంది. వేడి కొలిచే గన్ను కొనుక్కో, కరోనాలో నుదుటికి పెట్టింది కాదు, వర్క్‌షాపుల్లో వాడేది. బండి వేడి మీద ఉండగా రేడియేటర్ మీద అంగుళం అంగుళం చూడు. వేడి నీళ్ళు వచ్చే వైపు నుంచి బయటికి పోయే వైపుకి వేడి క్రమంగా తగ్గాలి. మధ్యలో ఎక్కడైనా ఒక్కసారిగా చల్లగా తగిలితే అక్కడ గొట్టాలు మూసుకుపోయినట్టే, రేడియేటర్ పనివాడికి ఇవ్వాలి. అదే గన్నుతో థర్మోస్టాట్ దగ్గర వేడి చూస్తే ముల్లు నిజం చెబుతోందో లేదో కూడా తెలుస్తుంది. రేడియేటర్ మూత సంగతీ మర్చిపోకు. ఉత్త నీళ్ళు 100 డిగ్రీలకే మరుగుతాయి, మూత ఒక బార్ ఒత్తిడి ఆపితే దాదాపు 120 దాకా మరగవు. రబ్బరు పోయిన మూతతో హైవే ఎక్కకూడదు.

ముందు బంపర్ మీద నువ్వు బిగించిన ఆ లైట్ల వరసా, ఇనప కమ్మీలూ తీసెయ్యి. గాలికి అడ్డం. పైగా కమ్మీలు మోటారు వాహనాల చట్టానికి విరుద్ధమని 2017 డిసెంబర్‌లోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది. ఇంజిన్ మీద అదనపు చాకిరీ పడకుండా, బురదలోంచి వచ్చాక ఫోర్ వీల్ లీవరు తిరిగి టూ వీల్ లోకి పడిందో లేదో కూడా చూసుకో. ఓ పది కిలోమీటర్లు నడిపి నాలుగు చక్రాల హబ్బుల దగ్గరా గన్ను పెట్టు. ఒక్కటే కాలిపోతుంటే బురద పట్టి బ్రేకు వదలడం లేదన్నమాట.

ఇవన్నీ అయ్యాకే హెడ్ గ్యాస్కెట్ మాట. నేల మీద చుక్క పడకుండా నీళ్ళు తగ్గుతున్నా, పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషానికే పై పైపు రాయిలా గట్టిపడినా, రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా అనుమానించు. అప్పుడైనా సరే, పొగ తగిలితే రంగు మారే మందుతో ముందు పరీక్ష చేయమను. అది తేలాకే స్పానర్ పట్టాలి.

దారిలో ముల్లు లేస్తే ఏసీ కట్టెయ్యి, హీటర్ పూర్తిగా వెయ్యి, అద్దాలు దింపి స్పీడు తగ్గించు. ముల్లు పైనున్నా హీటర్ చల్లగాలే ఇస్తుంటే నీళ్ళు తగ్గినట్టు, వెంటనే పక్కకి తీసి ఇంజిన్ ఆపు. ఆవిరి కనిపించినా అంతే. పై పైపు చేత్తో నొక్కితే మెత్తగా అయ్యేదాకా మూత ముట్టుకోకు. వేడి ఇంజిన్ మీద చన్నీళ్ళు పోస్తే హెడ్డు పగలొచ్చు. నాకు అన్నిటికంటే భయం ఆ మూత గురించే. పొంగిన నీళ్ళు మొహం మీద పడితే కళ్ళు పోతాయి నాయనా. అమ్మ పక్కనుండగా అసలు ఆ పని చెయ్యొద్దు.

వచ్చే శనివారం తాడేపల్లిగూడెం మీదుగా, అరవై దాటకుండా, ఏసీ లేకుండా నడుపుకుంటూ రా. ఆదివారం పొద్దున్నే మన వాకిట్లో కండెన్సర్ జరిపి కడుగుదాం. కింది పైపూ, మూతా కొత్తవి తెచ్చి ఉంచుతాను. మధ్యాహ్నం ఎండలో దేవరపల్లి దగ్గర హైవే ఎక్కి నల్లజర్ల దాకా నడిపి చూద్దాం. అంతవరకూ హెడ్డు మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకు.

ఇట్లు,
మీ మామయ్య