నిర్మలమ్మ ఒక్కతేనా?

చెల్లీ, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ బిల్లు చేతికొచ్చినా "ఈ నిర్మలమ్మ ఉందే..." అని మొదలుపెడతావు కదూ! నేనూ అంటాలే. నరసాపురం కోడలాయె, ఆమాత్రం చనువుంటుంది. 2019 నుంచి కేంద్ర ఆర్థికశాఖ ఆవిడే చూస్తోంది. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్న మహిళ ఇందిరాగాంధీ ఒక్కరే, అదీ ప్రధానిగా ఉంటూ అదనంగా.

అయితే అన్నీ ఆవిడ చేతిలో లేవే. బంగారం మీద దిగుమతి సుంకం కేంద్రానిదే. 2024 జూలై బడ్జెట్లో 15 శాతం నుంచి 6కి దించింది. ధర కొన్నాళ్లు దిగి, మళ్లీ ఎక్కి కూర్చుంది. ప్రపంచ మార్కెట్టు ఏ మంత్రి మాటా వినదు మరి.

జీఎస్టీ సంగతి వేరు. అది కౌన్సిల్‌లో తేలాలి. అధ్యక్షురాలు నిర్మలమ్మే అయినా ఓటు బలంలో కేంద్రానిది మూడో వంతు, మిగతాది రాష్ట్రాలది. ఏది నెగ్గాలన్నా నాలుగింట మూడు వంతులు రావాలి. అంటే కేంద్రం ఒక్కటే చేయలేదు, కేంద్రం కాదంటే రాష్ట్రాలూ చేయలేవు. మన రాష్ట్ర ఆర్థికమంత్రి భట్టి విక్రమార్క గారికీ అందులో చోటుంది. కోచింగ్ ఫీజు మీద 18 శాతం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లల చదువు మీద అంత పన్నా? కానీ నిలదీస్తే ఢిల్లీనీ, హైదరాబాద్‌నీ కలిపే నిలదీయాలి. పెట్రోలు మీద వ్యాటు, ఇంటి రిజిస్ట్రేషన్ ఖర్చు అయితే అచ్చంగా రాష్ట్రానివే.

ఎల్బీనగర్ మెట్రోలోనూ కేంద్ర ఆర్థికశాఖ చెయ్యి ఉంది, తెలుసా? గిట్టుబాటు కాని ఖర్చు పూడ్చడానికి వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అని ఆ శాఖ పథకం ఒకటుంది, మన మెట్రోకి సాయం మంజూరైంది దాని కిందే.

ఇక నీ పర్సుకి పనికొచ్చే మాటలు. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ డ్రెస్సు 2,500 రూపాయల లోపైతే 5 శాతం, దాటితే 18. కొట్టువాడు 2,600 అంటే ఆ వంద కోసం గట్టిగా బేరమాడు, పన్నూ దిగొస్తుంది. అన్నట్టు, అమ్మాయిని హాస్టల్లో వేశావుగా? 2024లో కౌన్సిలే తేల్చింది: మనిషికి నెలకు 20,000 మించకుండా, వరసగా 90 రోజులైనా ఉంటే హాస్టల్ అద్దెకు జీఎస్టీ లేదు. రసీదు ఓసారి తీసి చూడు. అందులో జీఎస్టీ కనిపిస్తే ఎందుకేశారో వార్డెన్‌ని అడుగు, నిర్మలమ్మని కాదు.