ఆట మధ్యలో ఆపితేనే పాఠం: దుబాయ్, షార్జా బడుల్లో కొత్తగా చేరిన టీచర్లకు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్నేళ్లు పాఠాలు చెప్పి, యూఏఈలో ఇండియన్ స్కూల్లో చేరిన టీచర్‌ను మొదటి వారంలోనే సూపర్‌వైజర్ అడిగే ప్రశ్న ఒకటుంది: “లెసన్ ప్లాన్ బాగుంది మేడమ్, ఇందులో టెక్నాలజీ ఎక్కడ?”

అడగడంలో తప్పు లేదు. ఈ దేశం ఆ దారిలో చాలా దూరం వచ్చేసింది. ప్రభుత్వ బడుల్లో ట్యాబ్లెట్లు, స్మార్ట్ క్లాసుల కోసం మహమ్మద్ బిన్ రషీద్ స్మార్ట్ లెర్నింగ్ ప్రోగ్రామ్ మొదలైంది 2012లో. లెక్కలు, సైన్సు పాఠాల 5,000 వీడియోలు అరబిక్‌లోకి తెచ్చి ‘మద్రసా’ పేరుతో 2018లో ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. కరోనా వచ్చి 2020 మార్చి 22న దేశంలోని పిల్లలంతా ఇంటి నుంచి చదవడం మొదలుపెట్టారు. 2025–26 నుంచి ప్రభుత్వ బడుల్లో కేజీ నుంచి 12వ తరగతి దాకా ఏఐ ఒక సబ్జెక్టు. దుబాయ్‌లో కేహెచ్‌డీఏ, అబుదాబీలో అడెక్ అనే నియంత్రణ సంస్థలు ప్రైవేటు బడుల మీద ఓ కన్నేసి ఉంచుతాయి కాబట్టి, మన ఇండియన్ స్కూళ్లూ ఈ పరుగులో వెనకబడడానికి ఇష్టపడవు.

దాంతో ఏమవుతుందంటే, కొత్త టీచర్ ఒక రెడీమేడ్ క్విజ్ వెతికి తెర మీద పెట్టేస్తారు. సంగీతం మోగుతుంది, పిల్లలు కేకలు పెడతారు, ముగ్గురు గెలుస్తారు, బెల్ కొడుతుంది. సందడి అయింది సరే, ఎవరికి ఏం రాలేదో టీచర్‌కు తెలియలేదు. క్లాసులో ఆట ఉన్నది అది తెలుసుకోవడానికే. పాఠం అయ్యాక ఇచ్చే మిఠాయిగా దాన్ని వాడితే దండగ. కింద చెప్పేవన్నీ ఆ లెక్కన చెప్పేవే.

1. ముందు ఒక తప్పును పట్టుకోండి

యాప్ సంగతి తర్వాత. మీ పాఠంలో పిల్లలు ఏటా ఎక్కడ బోల్తా పడతారో అది కాగితం మీద రాసుకోండి. ఐదో తరగతి డెసిమల్స్ తీసుకుందాం. ఇక్కడి పిల్లలకు బాగా తెలిసిన డెసిమల్ పెట్రోలు ధర. 2015 ఆగస్టు నుంచి ఇక్కడ ధర నెలనెలా మారుతుంది, నెలాఖరున ఇంట్లో నాన్న కొత్త ధర ఎంతో ఫోన్లో చూసి చెబుతాడు. కాబట్టి ప్రశ్న ఇలా పెట్టండి: “లీటరు ధర ఏ నెలలో అన్నిటికన్నా ఎక్కువ? 2.58, 2.6, 2.509.”

జవాబు 2.6. కానీ అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదనుకునే పిల్లలు 2.509 మీద నొక్కుతారు. దిర్హాములు, ఫిల్స్‌గా చూసి, పాయింటు తర్వాత రెండంకెలే చదివే పిల్లలు 2.58 అంటారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో 58 ఫిల్స్ ముందు 6 ఎంత? ఏ తప్పు ఎవరు చేస్తున్నారో ఆప్షన్ చూస్తేనే తెలిసిపోవాలి. తమాషాకు నాలుగో ఆప్షన్ పెట్టకండి.

ఇందులో ఒక మెలిక ఉంది. ‘పాయింటు తర్వాత అంకెలు తక్కువుంటే సంఖ్య పెద్దది’ అని నమ్మే పిల్లలు కూడా కొందరుంటారు. వాళ్లూ 2.6 అనే అంటారు. జవాబు రైటు, కారణం తప్పు. వాళ్లను పట్టుకోవాలంటే వెంటనే రెండో ప్రశ్న పడాలి: “2.3 ఎక్కువా, 2.45 ఎక్కువా?” మొదటి ప్రశ్నకు చప్పట్లు కొట్టించుకున్న వాళ్లలో కొందరు ఇక్కడ 2.3 నొక్కుతారు చూడండి. ఇలాంటి జంట ప్రశ్నలు మూడు జతలుంటే చాలు, మొత్తం ఆరు ప్రశ్నలు. ఇరవై ప్రశ్నల క్విజ్ పెట్టిన క్లాసులో ఒక్కదాని గురించీ మాట్లాడే తీరిక ఉండదు.

2. పిల్లల చేతిలో ఏముందో చూసి ఆట ఎంచుకోండి

చాలా బళ్లలో పిల్లల్ని ఫోన్ తేనివ్వరు. కొన్నిచోట్ల ట్యాబ్లెట్ తెచ్చుకోవచ్చు, కొన్నిచోట్ల వారానికోసారి కంప్యూటర్ ల్యాబ్.

అందరికీ ట్యాబ్లెట్లుంటే కహూట్. 2013లో నార్వేలో మొదలైంది. ప్రశ్న పెద్ద తెర మీద, పిల్లల చేతిలో రంగు బటన్లు మాత్రమే. నలుగురికి ఒకటే ట్యాబ్లెట్ ఉంటే జట్టుగా ఆడించవచ్చు, నిజానికి అదే మేలు, మాట్లాడుకుంటారు. బెంగళూరులో పుట్టిన క్విజిజ్ (ఈమధ్య పేరు వేగ్రౌండ్‌గా మారింది) కూడా బాగుంటుంది. అందులో ఎవరి వేగంలో వాళ్లు వెళ్లే పద్ధతి ఉంది, హోంవర్క్‌కు పనికొస్తుంది.

ఎవరి చేతిలోనూ ఏమీ లేకపోతే ప్లికర్స్. మొదటిసారి ఆట పెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే. వాళ్ల సైట్ నుంచి కార్డులు ప్రింటు తీసుకోవాలి. ఒక్కో కార్డు మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ, ఒక నంబరు ఉంటాయి. ఆ నంబరు ఒక్కో పిల్లాడికి కేటాయిస్తారు. కార్డు నాలుగు అంచుల దగ్గరా ఎ, బి, సి, డి సన్నటి అక్షరాల్లో ఉంటాయి. ‘బి’ అనుకున్నవాళ్లు ఆ అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు. మీరు ఫోన్ కెమెరాతో ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి తిప్పితే ఎవరేం పెట్టారో నమోదైపోతుంది. అక్షరాలు సన్నవి, ఏ ఇద్దరి బొమ్మలూ ఒకేలా ఉండవు. అందుకే పక్కవాడి కార్డు చూసినా లాభం లేదు. నెట్ కావాల్సింది మీకే. ఒక్క జాగ్రత్త: కార్డులు పాడవకూడదని నిగనిగలాడే ల్యామినేషన్ చేయించకండి, ట్యూబులైటు వెలుగు పడి కెమెరా చదవలేదు. మందపాటి కాగితం చాలు.

3. నెట్‌ను ముందురోజే చూసుకోండి

స్టాఫ్ వైఫై మీద మీ ల్యాప్‌టాప్‌లో తెరుచుకున్న సైటు, విద్యార్థుల వైఫై మీద తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. బడి వడపోత వేరు, ఎతిసలాత్, డూ కంపెనీల వడపోత వేరు. పిల్లల ట్యాబ్లెట్ ఒకటి తీసుకుని, వాళ్ల వైఫై మీద, ఆ క్లాసురూములోనే, వెనక బెంచీ దగ్గర నిలబడి తెరిచి చూడండి.

తెరుచుకోకపోతే ఐటీ వాళ్లకు మెయిల్ పెట్టి ఆగండి. మన ఊళ్లో అలవాటైన వీపీఎన్ చిట్కా ఇక్కడ మరిచిపోండి. వీపీఎన్‌ను నేరానికి వాడితే 2021 నాటి సైబర్ నేరాల చట్టం కింద జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి మొదలవుతుంది. క్విజ్ కోసం ఆ చట్టం అంచుల దాకా వెళ్లే పని పెట్టుకోవద్దు. వాట్సాప్ కాల్ పోదు కాబట్టి, ఊళ్లో ఉన్న తాతగారినో బంధువైన ఇంజినీర్‌నో క్లాసుకు వీడియోలో పిలవాలనుకుంటే టీమ్స్, జూమ్ లాంటి అనుమతి ఉన్నవే వాడాలి.

పిల్లలకు ఖాతాలు తెరిపించకండి. ఇలాంటి చాలా సైట్లలో పదమూడేళ్లు నిండనివాళ్లకు ఖాతా తెరవాలంటే పెద్దల అనుమతి కావాలి. పిన్ నంబరు కొట్టి చేరిపోయే ఆటలయితే ఆ తలనొప్పి లేదు.

4. రెడీమేడ్ క్విజ్ వాడితే ప్రతి ప్రశ్నా చదవండి

ఎవరో ఎక్కడో తయారుచేసిన జాగ్రఫీ క్విజ్‌లో ‘పర్షియన్ గల్ఫ్’ అని ఉంటుంది. ఇక్కడి బళ్లలో అది ‘అరేబియన్ గల్ఫ్’, మరో మాట లేదు. భారతదేశం మ్యాపు బొమ్మలో కాశ్మీర్ సరిహద్దు ఎలా గీశారో చూడకుండా సీబీఎస్‌ఈ క్లాసులో పెడితే ఇంకో తంటా. నా మాట వింటే సొంతంగా ఆరు ప్రశ్నలు రాసుకోవడమే తక్కువ పని.

5. సెట్టింగులు

టైమర్ 20 సెకన్ల నుంచి 60కి పెంచండి. కహూట్‌లో ముందు నొక్కినవాళ్లకు ఎక్కువ పాయింట్లు. ఆ లెక్కన పాత ట్యాబ్లెట్ ఉన్న పిల్లాడు, ప్రశ్న మొత్తం చదివే అలవాటున్న పిల్ల ఎప్పుడూ వెనకే. పాయింట్లు తీసేసే సెట్టింగు ఉంది, మొదటి నెల అలాగే ఆడించండి. పేర్లు మీరే ఇవ్వండి, లేకపోతే తెర మీద ఏ పేరు ప్రత్యక్షమవుతుందో దేవుడికే తెలియాలి. ఉచిత ఖాతాలో ఎంతమంది ఆడొచ్చన్న పరిమితి అప్పుడప్పుడు మారుతుంటుంది, ముప్పై మంది క్లాసు తీసుకునే ముందు ఒకసారి చూసుకోండి.

6. ఆడించండి, ఆపండి

అసలు పని ఇక్కడ. ప్రశ్న తెర మీద పడ్డాక పిల్లలనే చదువుకోనివ్వండి. జవాబులొచ్చాక ఏ ఆప్షన్‌కు ఎంతమందో గీతలు కనబడతాయి. ఇక్కడ చాలామంది చెయ్యి ‘నెక్స్ట్’ మీదకు పోతుంది. పోనివ్వకండి. మీరు నొక్కేదాకా ఆట కదలదు, కదలాల్సిన తొందరా లేదు.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి ఈ పద్ధతి నడిపారు. ప్రశ్న వేస్తారు, విద్యార్థులు ఎవరి జవాబు వాళ్లు చెబుతారు. సరైన జవాబు 30 నుంచి 70 శాతం మధ్య వస్తే, అదేదో చెప్పకుండా, “పక్కవాళ్లను ఒప్పించండి” అంటారు. రెండు నిమిషాల తర్వాత మళ్లీ ఓటు. 30 కన్నా తక్కువయితే పాఠమే మళ్లీ చెప్పాలి, 70 దాటితే చిన్న వివరణతో ముందుకు పోవచ్చు. ప్లికర్స్‌తో ఇది చక్కగా కుదురుతుంది, సరైన జవాబు దాచి గీతలు మాత్రం చూపించవచ్చు. కహూట్ సరైన జవాబుకు వెంటనే టిక్కు పెట్టేస్తుంది, కాబట్టి అక్కడ జంట ప్రశ్నలోని రెండోదే మీ రెండో ఓటు.

అడిగే తీరులో కూడా కిటుకుంది. “2.509 ఎవరు పెట్టారు?” అంటే చేతులు లేవవు. “2.509 పెట్టినవాళ్లు ఏమనుకుని పెట్టి ఉంటారు?” అనండి. ఎవరైనా చెప్పొచ్చు, ఎవరి పరువూ పోదు.

“ఫైవ్ హండ్రెడ్ నైన్ పెద్దది కదా మ్యామ్!”

“మరి సిక్స్?”

“సిక్స్ అంటే... సిక్స్ ఫిల్స్ కాదు. సిక్స్‌టీ!”

ఆ ‘సిక్స్‌టీ’ ఒక పిల్లాడి నోట వచ్చిన క్షణాన బోర్డు మీద 2.600, 2.580, 2.509 ఒకదాని కింద ఒకటి, పాయింటు కింద పాయింటు వచ్చేలా రాయండి. మీరు వివరించాల్సింది పెద్దగా మిగలదు.

తెలుగు, మలయాళం, తమిళం, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఒకే బెంచీలో ఉంటారు. పక్కవాళ్లకు ఏ భాషలో చెప్పుకున్నా చెప్పుకోనివ్వండి, క్లాసుకు చెప్పేటప్పుడు ఇంగ్లిష్.

7. మర్నాడు, వారం తర్వాత

ఆట ముగిశాక రిపోర్టు వస్తుంది. అందులో మొదటి ముగ్గురి పేర్లు మీకు అక్కర్లేదు, ఎక్కువమంది తప్పిన ప్రశ్న చూడండి. మర్నాటి పాఠం దాంతో మొదలుపెట్టండి. అదే ప్రశ్న, అంకెలు మార్చి, వారం తర్వాత మళ్లీ ఆడించండి. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లకు వారం తర్వాత 42 శాతం గుర్తుంది, చదవడానికి బదులు గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 56 శాతం. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మాత్రం మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. ఆట అయిన వెంటనే వచ్చిన మార్కులు చూసి మురిసిపోవద్దనడానికి ఇదొక కారణం.

లీడర్‌బోర్డు ఫొటో తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పిల్లల పేర్లు, మొహాలు అనుమతి లేకుండా పంచడాన్ని ఇక్కడి చట్టం తేలిగ్గా తీసుకోదు. పైగా ఆ రాత్రే “మా వాడు ఏడో స్థానమా?” అని ఫోన్లు మొదలవుతాయి.

వేళల గురించి రెండు మాటలు

2022 జనవరి నుంచి శుక్రవారం దుబాయ్‌లో సగం పూటే బడి, షార్జాలో అసలు సెలవే. దుబాయ్‌లో చాలామంది ఆటను శుక్రవారం ఆఖరి పీరియడ్‌కు తోసేస్తారు, ఆపి మాట్లాడే ఓపిక అప్పుడు ఎవరికీ ఉండదు. సోమవారం పొద్దున పెట్టండి. రంజాన్ నెలలో పీరియడ్లు కుదించుకుపోతాయి, లాగిన్లకే పది నిమిషాలు తినే ఆటలు వద్దు, కార్డులతో రెండు ప్రశ్నలు చాలు. ఉపవాసం ఉన్న పిల్లలుంటారు, ఆ నెల గెలిచినవాళ్లకు చాక్లెట్లు పంచే అలవాటు మానండి.

శని, ఆదివారాల్లో అపార్ట్‌మెంట్ హాల్లో పిల్లలకు తెలుగు నేర్పేవాళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. మాట్లాడడం వచ్చి చదవడం రాని పిల్లలే ఎక్కువ. తెర మీద బల్లి బొమ్మ పెట్టి, బలి, బల్లి, పల్లి అని మూడు మాటలివ్వండి. ఒత్తు ఎవరికి కనబడలేదో, బ, ప ఎవరికి కలిసిపోయాయో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఆ తర్వాత

ఇది చేతికి అలవాటయ్యాక ఫెట్ సిమ్యులేషన్లకు, అంటే తెర మీదే చేసే సైన్సు ప్రయోగాలకు, వెళ్లండి. వీటిని నోబెల్ అందుకున్న కార్ల్ వైమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. ఉచితం, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, దించుకుంటే నెట్ లేకుండా కూడా నడుస్తాయి. బ్యాటరీ, బల్బుల సర్క్యూట్‌తో మొదలుపెట్టవచ్చు. స్విచ్ వేసే ముందు ఓటు పెట్టండి: రెండో బల్బును వరసలో కలిపితే మొదటిదాని వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?

మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్ గురించి అందరూ అడుగుతారు. మంచిదే, కానీ లైసెన్సులు, ఇన్‌స్టాలేషన్లు, “మ్యామ్, నా ఇల్లు ఎవరో పగలగొట్టారు” అనే పంచాయితీలు కలిపి మొదటి టర్మ్‌లో మీ వల్ల కాదు. రెండో టర్మ్‌కు వాయిదా వేయండి. ఆలోగా అందులో ఆరితేరినవాళ్లు మీ క్లాసులో ఎవరో ఎలాగూ తెలుస్తుంది, సెటప్ పని వాళ్లకే అప్పగించవచ్చు.